వెలుగు వచ్చేది వంటవేళకే

నార్వే ఉత్తరాన ట్రోమ్సో అని ఒక ఊరుంది. అక్కడ చలికాలమంతా ఒక తరహా టూర్ నడుస్తుంది. సాయంత్రం ఆరింటికి బస్సెక్కించుకుంటారు. ఊరి దీపాలు కనపడనంత దూరం తీసుకెళ్తారు. మంట పక్కన కూర్చోబెట్టి వేడివేడిగా భోజనం పెడతారు. ఆకాశంలో ధ్రువకాంతి వస్తే బయటికి పిలిచి చూపిస్తారు. పదకొండు ప్రాంతంలో తెచ్చి దింపేస్తారు.

ఈ టూర్ గురించి మనవాళ్లలో ఒక మాట గట్టిగా పాతుకుపోయింది. "ఆకాశం అందరిదీ, దాన్ని చూడ్డానికి డబ్బెందుకు? పైగా ఆ చప్పిడి సూప్‌కి అంత ధరా? వంటిల్లున్న ఫ్లాట్ తీసుకుంటే చాలు. ఎలక్ట్రిక్ కుక్కర్ పెట్టుకుని, ఆవకాయతో హాయిగా తిని, కారు అద్దెకి తీసుకుని మనమే వెళ్లి చూడొచ్చు" అని. వినడానికి ఎంత బాగుందో చూడండి. కుక్కర్ పెట్టుకుని, హాయిగా తిని. పెట్టేదెవరో, తినేదెవరో ఆ వాక్యంలో ఎక్కడా లేదు. తెలుగులో కర్త లేకుండా వాక్యం చక్కగా నడుస్తుంది కదా, ఆ సౌకర్యం మన ఇళ్లలో బాగా వాడుకుంటారు.

నా అభిప్రాయం దీనికి పూర్తిగా వేరు. ఆ టూర్‌లో భోజనం పైపై హంగు కాదు. ఇంట్లో రోజూ వంట చేసే మనిషికి అదే అసలు టికెట్టు. ఆ భోజనం లేకపోతే ఆమె ట్రోమ్సో దాకా వెళ్లినా ఆకాశం చూడటం అనుమానమే. ఎందుకంటున్నానో చెప్తాను.

ముందు ఆ వెలుగు సంగతి. సూర్యుడి నుంచి విద్యుదావేశం ఉన్న కణాలు ఎప్పుడూ గాలిలా వీస్తూనే ఉంటాయి. భూమికున్న అయస్కాంత శక్తి వాటిని మళ్లించి, ధ్రువాల చుట్టూ గాజులా ఉండే ఒక వలయంలోకి దింపుతుంది. అక్కడ, మన తలల మీద వంద కిలోమీటర్ల ఎత్తున, అవి గాలిలోని ఆక్సిజన్‌నీ నైట్రోజన్‌నీ తాకితే ఆ వాయువులు వెలుగుతాయి. మనం ఎక్కువగా చూసే ఆకుపచ్చ ఆక్సిజన్‌ది. రెండొందల కిలోమీటర్లు దాటిన ఎత్తులో అదే ఆక్సిజన్ ఎర్రగా వెలుగుతుంది. కింది అంచుల్లో మెరిసే గులాబీ, ఊదా రంగులు నైట్రోజన్‌వి. నార్వే శాస్త్రవేత్త క్రిస్టియన్ బిర్క్‌లాండ్ నూరేళ్లకు పైగా కిందటే, గాలి తీసేసిన పెట్టెలో అయస్కాంతం దాచిన చిన్న గోళాన్ని పెట్టి, దాని ధ్రువాల చుట్టూ ఇలాంటి వెలుగునే తెప్పించి చూపించాడు. ఆ దేశం వాళ్లు ఒకప్పుడు ఆయన బొమ్మను 200 క్రోనర్ల నోటు మీద అచ్చేసుకునేవారు.

అరోరా అంటే రోమన్ల ఉషాదేవి. మన ఉషస్సుకీ ఆ పేరుకీ మూలం ఒకటేనని భాషావేత్తలు చెప్తారు. డిగ్రీలో తెలుగు చదివిన దాన్ని కదా, ఆ చుట్టరికం నాకు భలే నచ్చింది. కానీ పేరుకి ఉషస్సే గానీ, ఆవిడ వచ్చే వేళ మాత్రం తెల్లవారుజాము కాదు. సెప్టెంబరు చివరి నుంచి మార్చి చివరి దాకా, చీకటి పడ్డాక సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాటేలోపు ఎప్పుడైనా రావచ్చు. చెప్పి రాదు. సన్నటి తెల్లగీతలా మొదలవుతుంది. గంటసేపు అలాగే ఊరిస్తుంది. ఉన్నట్టుండి ఆకాశమంతా విరగబడి ఆడుతుంది. ఒక్కోసారి పది పదిహేను నిమిషాల్లో చల్లారిపోతుంది. మళ్లీ వస్తే వస్తుంది, లేకపోతే లేదు.

ఇప్పుడు మన గడియారం చూద్దాం. ఆరింటికి బియ్యం కడగడం. ఆరున్నరకి కూర తరగడం. ఏడున్నరకి పోపు. ఎనిమిదికి వడ్డన. "అమ్మా, ఇంకాస్త పెరుగు" అన్నవాళ్లందరికీ వేసి మనం కూర్చునేసరికి తొమ్మిది. గిన్నెలు, పాలు తోడుపెట్టడం, స్టవ్ తుడవడం, రేపటికి పప్పు నానబెట్టడం, పది. అంటే ఆకాశంలో వెలుగు వెలిగే వేళా, మన స్టవ్ వెలిగే వేళా అచ్చంగా ఒకటే. అదెవరి కుట్రా కాదు, అలా కుదిరిందంతే. కానీ కుదిరిన సంగతి ముందు ఎవరో ఒకరు గమనించాలి కదా. లెక్కలు వేసే మగవాళ్లకి ఇది తట్టదు. ఆ వేళల్లో వాళ్ల చేతులు ఖాళీగానే ఉంటాయి మరి.

మా పెద్దమ్మాయి స్వీడన్‌లో ఎమ్మెస్ చదువుతోంది. పోయిన ఫిబ్రవరిలో మా వారు, తొమ్మిదో తరగతి చదివే మా చిన్నాడు, డెబ్భై దాటిన మా అత్తగారు, నేను దాని దగ్గరికి వెళ్లి, అటునుంచి ఐదుగురం ట్రోమ్సో వెళ్లాం. మూడు రాత్రులు ఉన్నాం. మా వారి పట్టు మీద మొదటి రాత్రి ఫ్లాట్‌లో వంట. నా పట్టు మీద రెండో రాత్రి భోజనం టూర్. పక్కపక్క రాత్రులే కాబట్టి తేడా కళ్లకు కట్టినట్టు తెలిసింది.

మొదటి రాత్రి సంగతి వినండి. ఆరింటికి అన్నం పడేశాను. బంగాళాదుంప వేపుడు, చారు అనుకున్నాం. పోపులో ఎండుమిరపకాయ వేశానో లేదో, నెత్తిమీద పొగ అలారం కూతలు మొదలు. చిన్నాడు కుర్చీ ఎక్కి తువ్వాలుతో విసురుతుంటే, అత్తయ్య కిటికీ తీస్తుంటే, నేను మూకుడు దించుతుంటే, మా వారు కింద నుంచి పరుగెత్తుకొచ్చారు. "వచ్చింది! అందరూ రండి!" అని. పిల్లలు కోటు తగిలించుకుని దూకారు. నేను స్టవ్ కట్టేసి, ఉన్ని లోబట్టలు, రెండు జతల మేజోళ్లు, ప్యాంటు మీద ప్యాంటు, స్వెట్టరు, కోటు, టోపీ, చేతి తొడుగులు, బూట్లు వేసుకుని, అత్తయ్యకి వేసి, మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి పైన ఏముంది? మబ్బులాంటి ఒక తెల్లటి చార. "అబ్బ, ఇప్పుడే అయిపోయింది, ఎంత బాగుందో" అన్నారు ముగ్గురూ ఒకేసారి. ఫోన్లో చూపించారు. నా ఒంటి మీద ఇంగువ వాసన, చేతిలో అత్తయ్య తొడుగు ఒకటి.

మా వారు మంచి మనిషి. పిలవడానికి మూడంతస్తులు ఎక్కి వచ్చింది ఆయనే. మగవాళ్లని తిట్టడానికి ఇది రాయడం లేదు. లోపం మనుషుల్లో లేదు, ఏర్పాటులో ఉంది. ఆకాశానికీ స్టవ్‌కీ మధ్య ఒక మనిషిని నిలబెట్టే ఏర్పాటు అది. ఆ మనిషి ఎప్పుడూ స్టవ్ వైపే తిరిగి ఉంటుంది.

రెండో రాత్రి బస్సు క్వాలోయా అనే దీవి వైపు వెళ్లింది. ఊరికి వంతెన అవతలే. అరగంటలో దీపాలు మాయమయ్యాయి. ట్రోమ్సో ఆర్కిటిక్ వలయానికి మూడొందల యాభై కిలోమీటర్ల ఉత్తరాన ఉన్నా, సముద్రంలో వెచ్చటి ప్రవాహం పారుతుంది కాబట్టి మనం భయపడేంత చలి ఉండదు. ఆ రాత్రి మైనస్ ఎనిమిది. నవంబరు చివర నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడే ఉదయించడు. మేం వెళ్లిన ఫిబ్రవరిలో పగలు తిరిగొచ్చింది గానీ, నాలుగింటికే పొద్దు వాలేది.

దిగిన చోట మంచు మైదానం, రెయిన్‌డీర్ల మంద, లావ్వు అనే పెద్ద గుడారం. ఆ నేల ఆదివాసులు సామీ ప్రజల గుడారం అది. పై కొసన పొగ పోయే దారి, నట్టనడుమ మంట, చుట్టూ రెయిన్‌డీర్ తోళ్లు పరిచిన బల్లలు. నడివయసు సామీ ఆవిడ ఒకామె, నీలం గుడ్డకి ఎర్రటి అంచులున్న వాళ్ల సంప్రదాయ దుస్తుల్లో, మమ్మల్ని కూర్చోమంది. అలా బయటి నుంచి వచ్చి, చేతులు చాచి మంట దగ్గర కూర్చుంటే, ఎవరో గిన్నె తెచ్చి చేతిలో పెట్టడం ఎలా ఉంటుందో మాటల్లో చెప్పలేను. పుట్టింట్లో కూడా ఈమధ్య అది లేదు. అమ్మకి మోకాళ్ల నొప్పులు.

భోజనం పేరు బిదోస్. రెయిన్‌డీర్ మాంసం, బంగాళాదుంప, క్యారెట్ కలిపి చాలాసేపు ఉడికించే పులుసు. పండగలకీ పెళ్లిళ్లకీ వాళ్లు వండుకునే వంట. అత్తయ్యా నేనూ శాకాహారులం కాబట్టి మాకు విడిగా కూరగాయల సూప్, రొట్టె. ఉప్పూ మిరియాలే తప్ప ఏమీ లేదు. నిజం చెప్పాలంటే చప్పగానే ఉంది. కానీ వేడిగా ఉంది, నేను వండలేదు. ఈ రెండూ కలిసిన రుచి ముందు ఆవకాయ కూడా దిగదుడుపే.

అత్తయ్య రెండు చెంచాలు తిని, నా చెవిలో మెల్లగా అడిగింది: "ఆవిడ తిన్నదాటే?" ఆ ప్రశ్న అక్కడున్న నలభై మందిలో ఇంకెవరికీ వచ్చి ఉండదు. నేను ఇంగ్లీషులో అడిగితే ఆవిడ నవ్వి, మీరు రాకముందే తినేశానంది. అత్తయ్య చాలాసేపు ఆ మాటే తలుచుకుంది. వడ్డించే మనిషి ముందే తినేయడం ఆవిడకి వింత. తప్పు కాదు, వింత.

భోజనం సాగుతుండగా ఆ సామీ ఆవిడ వాళ్ల సంగతులు చెప్పింది. వాళ్లకి ఋతువులు ఎనిమిదట. రెయిన్‌డీర్ ఎప్పుడు ఎక్కడ మేస్తుందో, ఎప్పుడు ఈనుతుందో దాన్ని బట్టే ఏడాది లెక్క. మా చిన్నాడు "మీకెన్ని రెయిన్‌డీర్లున్నాయి?" అని అడిగాడు. ఆవిడ పకపకా నవ్వి, "మీ నాన్నగారి బ్యాంకులో ఎంతుందో చెప్తే నేనూ చెప్తాను" అంది. మందలో ఎన్నున్నాయని అడగడం అక్కడ మర్యాద కాదట. జీతమెంత అని మొహాన్నే అడిగే మన చుట్టాల్ని ఒకసారి అక్కడికి పంపాలి.

ధ్రువకాంతిని వాళ్ల భాషలో గువ్సహస్ అంటారు. దాన్ని చూసి ఈల వేయకూడదని పెద్దలు పిల్లల్ని భయపెట్టేవారట. ఈల వేస్తే కిందికొచ్చి ఎత్తుకుపోతుందట. ఫిన్లాండ్ వాళ్లయితే దాన్ని నక్క మంటలంటారు. నక్క తోకతో మంచుని విసిరితే లేచిన నిప్పురవ్వలని వాళ్ల కథ. తర్వాత ఆవిడ ఒక యోయిక్ పాడింది. అది ఒక మనిషి గురించో కొండ గురించో పాడే పాట కాదు, ఆ మనిషినే, ఆ కొండనే గొంతులోకి తెచ్చుకోవడం అని చెప్పింది. ఒకప్పుడు చర్చి వాళ్లు యోయిక్‌ని పాపమన్నారు. బడుల్లో సామీ భాష మాట్లాడనివ్వలేదు. ఎన్నో దశాబ్దాలు అలా నలిగాక, 1989లో వాళ్లకంటూ నార్వేలో ఒక పార్లమెంటు ఏర్పడింది. భాష కోసం ఇన్ని పడ్డవాళ్లు వండి పెట్టిన అన్నం తింటున్నామన్న ఎరుక మనకుండాలి. ఫోటోలు దిగి వచ్చేస్తే చాలదు.

ఏడున్నర నుంచి మబ్బు. గైడ్ పావుగంటకోసారి బయటికెళ్లి పైకి చూసి, తల అడ్డంగా ఊపుకుంటూ వస్తున్నాడు. అప్పటికి కొందరి మొహాలు వాడిపోయాయి. ఎనిమిదీ ముప్పావుకి గుడారం తెర లేపి "రండి" అన్నాడు. అంతే, నలభై మందీ గిన్నెలు ఎక్కడివక్కడ వదిలేసి పరుగు. నేను లేచి చూద్దును కదా, అత్తయ్య వంగి గిన్నెలు ఏరుతోంది. మనవడి గిన్నె, మనవరాలి గిన్నె, కొడుకు గిన్నె, ఒకదాంట్లో ఒకటి పెట్టి, పక్కన ఎవరో తెల్లదొరసాని వదిలేసిన గిన్నె కూడా అందుకోబోతోంది. యాభై ఏళ్ల అలవాటు. చేతులు వాటంతటవే చేసేస్తాయి.

సామీ ఆవిడ నాకంటే ముందే చూసింది. గబగబా వచ్చి ఆ గిన్నెలన్నీ అత్తయ్య చేతుల్లోంచి తీసుకుంది. ఇంగ్లీషులో ఏదో అంది. అత్తయ్యకి ఒక్క ముక్క తెలియదు. కానీ గిన్నెలు లాక్కుని తలుపు వైపు చెయ్యి చూపిస్తే ఏ దేశం మనిషికైనా అర్థమవుతుంది. అత్తయ్య ఒక్క క్షణం తన ఖాళీ చేతుల వైపు చూసుకుని, నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మబ్బు చీలిన చోట, కొండ భుజం మీంచి, ఆకుపచ్చగా. ముందు పొగలా. తర్వాత తడిచీర కొస పట్టుకుని ఎవరో విదిలించినట్టు, ఒక అంచు నుంచి ఇంకో అంచుకి అలలు. కింది కుట్టు దగ్గర సన్నటి గులాబీ గీత. చప్పుడు లేదు. ఇంత పెద్ద కదలికకి చప్పుడు లేకపోవడమే నాకు ఒళ్లు జలదరించేలా అనిపించింది. మా అమ్మాయి "నానమ్మా, ఇటు చూడు, ఫోటో తీస్తా" అంది. అత్తయ్య తల దించలేదు. "అంతా అటుంటే నన్ను ఇటు చూడమంటావేంటే!" అంది. పన్నెండు నిమిషాలు. మా వారు గడియారం చూశారు కాబట్టి చెప్తున్నాను. ఆ పన్నెండు నిమిషాల్లో అత్తయ్య ఎవర్నీ ఏమీ అడగలేదు. చలేస్తోందా, తిన్నావా, టోపీ పెట్టుకున్నావా, ఏమీ లేదు.

లోపలికొస్తే అత్తయ్య సగం తిని వదిలిన సూప్ మంట పక్కన రాయి మీద ఉంది. చల్లారకుండా ఆవిడ అక్కడ పెట్టింది. మనం రోజూ ఎంతమందికి ఇలా అన్నం చల్లారకుండా చూస్తామో, మన కోసం చూసినవాళ్లు ఎంతమందో ఒకసారి లెక్క వేసుకోండి. అరవై వేలు పోసి నేను కొన్నది ఆకాశాన్ని కాదు. ఆకాశాన్ని ఎవరూ అమ్మలేరు. ఈ టూర్లు నడిపేవాళ్లలో చాలామంది, వెలుగు కనపడకపోతే డబ్బు వాపసు లేదని ముందే రాసిపెడతారు. అది న్యాయమే. వాళ్ల చేతిలో ఉన్నది భోజనం, మంట, కథ, పైకి చూడ్డానికి తీరిక. మా అత్తగారికి యాభై ఏళ్లలో దొరకనిది ఆ చివరిదే.

ఇక అభ్యంతరాలు. నన్ను అడిగినవాళ్లందరికీ చెప్పిన జవాబులే ఇక్కడా చెప్తాను.

డబ్బు. నిజమే, చిన్న మొత్తం కాదు. ఒక్కొక్కరికి వెయ్యి క్రోనర్ల పైమాటే, క్రోనర్ అంటే మనకు ఎనిమిది రూపాయల పైన. ఐదుగురికీ మాకు అరవై వేలు దాటింది. అందుకే మూడు రాత్రులూ టూర్ తీసుకోమనను. ఒక్కటి చాలు. విమానానికీ వీసాకీ కోట్లకీ లక్షలు పెట్టాక, చివర్లో మిగిల్చేది మాత్రం అమ్మ చేత వంట చేయించి మిగల్చాలా? అక్కడ పొదుపు చేస్తే ఎవరి వాటాలోంచి పోతోందో చూసుకోవాలి.

మబ్బు. భోజనం పెట్టే గుడారం కదలదు. మబ్బు పడితే అంతే. వెలుగుని వెంటాడే బస్సులు వేరే ఉంటాయి. అవి మబ్బు లేని చోటు వెతుక్కుంటూ ఒక్కోసారి ఫిన్లాండ్ సరిహద్దు దాకా పోతాయి. వెలుగు కనపడే అవకాశం వాటిలోనే ఎక్కువ. కానీ అర్ధరాత్రి రెండింటి దాకా బస్సులో కూర్చోవాలి, దారిలో బిస్కట్లు, పొట్లం సూప్. మా పిల్లల్ని తీసుకుని మా వారు మూడో రాత్రి అందులో వెళ్లారు, సంతోషంగా వచ్చారు. పెద్దవాళ్లు, మోకాళ్లు సహకరించనివాళ్లు ఉంటే గుడారమే మేలు. మా అత్తయ్య ఆ మూడో రాత్రి దుప్పటి కప్పుకుని హాయిగా నిద్రపోయింది.

శాకాహారం. టికెట్ కొనేటప్పుడే రాయాలి. ఉత్తినే శాకాహారం అని రాస్తే సరిపోదు. మాంసం, చేప, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పాలి. సూప్ దేంతో కాచారో కూడా అడగాలి. సిగ్గుపడక్కర్లేదు, వాళ్లకి ఈ ప్రశ్న అలవాటే. చిన్న సీసాలో కారప్పొడి మాత్రం వెంట ఉంచుకోండి. దానికి కుక్కర్ అక్కర్లేదు.

రంగు. ఫోటోల్లో కనిపించేంత పచ్చదనం కంటికి ప్రతిసారీ కనపడదు. మసక వెలుతురులో మన కన్ను రంగులు సరిగా పట్టలేదు. అందుకే నీరసంగా ఉన్న ధ్రువకాంతి బూడిదరంగు మబ్బులా ఉంటుంది, కెమెరా మాత్రం పచ్చగా తీస్తుంది. చీకటికి కళ్లు అలవాటు పడ్డానికి ఇరవై ముప్ఫై నిమిషాలు పడుతుంది. మధ్యలో ఫోన్ వెలిగిస్తే మళ్లీ మొదటికే. బాగా విజృంభించినప్పుడు మాత్రం ఏ కెమెరా అక్కర్లేదు, కంటికే అన్నీ కనిపిస్తాయి.

తొందర. "సూర్యుడు ఇప్పుడు మంచి ఊపు మీదున్నాడు, ఈ ఏడు తప్పితే మళ్లీ పదకొండేళ్లే" అని భయపెట్టేవాళ్లున్నారు. సూర్యుడి చురుకుదనం సుమారు పదకొండేళ్లకోసారి పెరిగి తగ్గుతుందన్నది నిజం. 2024లో బాగా పెరిగింది కూడా. ఆ ఏడాది మే నెలలో వచ్చిన సౌర తుఫానుకి మన లద్దాఖ్‌లోని హాన్లేలో కూడా ఆకాశం ఎర్రబడి కెమెరాలకు చిక్కింది. కానీ ట్రోమ్సో ఆ వెలుగుల వలయం కిందనే ఉంది. సూర్యుడు మందగించిన ఏళ్లలోనూ అక్కడ వెలుగులు వస్తూనే ఉంటాయి. కాబట్టి అప్పు చేసి పరుగెత్తక్కర్లేదు. పిల్లల చదువో ఉద్యోగమో అటువైపు తీసుకెళ్లినప్పుడు వెళ్లండి.

ఇంతకీ, ఆకాశం చూసి భోంచేయడం మనకేమీ కొత్త కాదు. అట్లతద్ది ఏమిటి? ఆశ్వయుజ బహుళ తదియనాడు చీకటితో లేచి తిని, పగలంతా ఉపవాసముండి, ఉయ్యాలలూగి, చంద్రుణ్ని చూశాకే కదా అట్లు తినేది. ఆడవాళ్లు బయటికొచ్చి, పైకి చూసి, తర్వాత తినే పండగ. మన పెద్దవాళ్లు ఎంత చక్కటి సాయంత్రం కట్టిపెట్టారో! ఒక్కటే తిరకాసు. నోము పట్టింది మనమే, ఉపవాసం మనమే, రుబ్బింది మనమే, పెనం ముందు నిలబడి వాయనానికీ ఇంటిల్లిపాదికీ అట్లు పోసేదీ మనమే. చంద్రుడు పైకి వచ్చేసరికి మొహమంతా ఆవిరి, చెమట.

నాకు తెలిసి మన ఇళ్లలో వంటిల్లు ఆకాశం కోసం మూతపడేది ఒక్క గ్రహణం రోజునే. 2025 సెప్టెంబరు 7 రాత్రి సంపూర్ణ చంద్రగ్రహణం గుర్తుందా? సాయంత్రానికే వంటలు, తిండి ముగించి, గిన్నెల్లో దర్భలు వేసి, స్టవ్ కట్టేశాం. పదకొండింటికి చంద్రుడు రాగిచెంబులా మారినప్పుడు మా అపార్టుమెంటు డాబా మీద ఎంతమంది ఆడవాళ్లో! మామూలు రోజుల్లో ఆ వేళకి డాబా మీద మగవాళ్లూ పిల్లలే. ఆచారం మీకు నమ్మకమా కాదా అన్నది వేరే సంగతి. స్టవ్ ఆగితే ఆడవాళ్లు ఆకాశం చూస్తారన్నది మాత్రం ఆ రాత్రి డాబా మీద రుజువైంది.

కాబట్టి నేను కోరేది పెద్దదేం కాదు. నార్వే వెళ్లగలిగినవాళ్లు, ఆ ఒక్క రాత్రీ వంట మీద పొదుపు చేయకండి. వెళ్లలేనివాళ్లకి, అంటే మనలో నూటికి తొంభై తొమ్మిది మందికి, ఆకాశం ఇక్కడా ఉంది. డిసెంబరు మధ్యలో మిథున రాశి వైపు నుంచి ఉల్కలు రాలతాయి. ఊరి దీపాలకు కాస్త దూరంగా వెళ్తే చీకటిలో చక్కగా కనిపిస్తాయి. ఆ రోజు రాత్రి ఇడ్లీ పొట్లాలు తెప్పించండి, లేదా ఆయన్నో అబ్బాయినో అన్నం వండమనండి. మాడితే మాడనివ్వండి, మజ్జిగ పోసుకుంటే దిగుతుంది. అట్లతద్దినాడు ఈసారి పెనం కూతుళ్లకి కాదు, కొడుకులకి అప్పగించండి. ఇంట్లో పెద్దావిడ ఉంటే ముందు ఆవిడ చేతిలోంచి గిన్నె తీసుకోండి. ఆవిడ ఇవ్వనంటుంది. లాక్కోండి. తర్వాత తలుపు వైపు చెయ్యి చూపించండి.

మీ అమ్మగారో అత్తగారో రాత్రి ఎనిమిదింటికి ఆకాశం చూసి ఎన్నాళ్లయిందో ఈరోజు ఒకసారి అడగండి. ఏమన్నారో నాకూ రాయండి.